తాళాలవాళ్ళింట్లో తాళం

ఆ వీధిలో తాళంచెవి పోయినా, తాళం పాడైనా, రెండూ బాగానే ఉండి తలుపు మొండికేసినా జనం పరిగెత్తేది ఒక్క ఇంటికే. కింద కొట్టు, పైన కాపురం. కొట్టులో గోడల నిండా తాళాలు, తాళాల నిండా చెవులు. కానీ మెట్లెక్కి పైకి వెళ్ళినవాళ్ళు మాత్రం ముక్కున వేలేసుకోవలసిందే. పైన ఏ గదికీ తాళం లేదు. తాళం దాకా ఎందుకు, గడియ కూడా లేదు. స్నానాల గదికి మాత్రం ఒక చిన్న గొళ్ళెం ఉంది, అదీ ఇంట్లో చాలాకాలం వాదోపవాదాలు జరిగాక పెట్టింది.

ఇది ఆ ఇంటి తాతగారు పెట్టిన నియమం. "పగలంతా జనానికి ఒకళ్ళ మీద ఒకళ్ళకున్న అనుమానాలకి రిపేర్లు చేసి వస్తాం. ఇంటికొచ్చాక కూడా మనకెందుకురా అనుమానాలు?" అనేవాడట. ఆయన పోయినా మాట పోలేదు. కొడుకు, మనవడు, ఇంటికొచ్చే చుట్టాలు, అందరూ ఆ మాటను అప్పజెబుతూనే ఉంటారు.

ఆ ఇంట్లో ఇంకో నియమం కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు, అందుకే ఎవరూ తప్పరు. తాళం ఎవరిదో వాళ్ళు నోరు తెరిచి అడిగితే తప్ప చెయ్యి వెయ్యకూడదు. తాతగారు కుర్రతనంలో ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి తాళంచెవి పోయిందంటే వెళ్ళి బీరువా తీసి ఇచ్చాడు. బీరువా ఆ పెద్దమనిషి భార్యదట. లోపల నాలుగు పాత బట్టలు తప్ప ఏమీ లేవు. మర్నాడు ఆవిడ కొట్టు ముందుకొచ్చి నిలబడి, ఒక్క మాట కూడా తిట్టకుండా ఆయన్ని కాసేపు చూసి, ఎదురు వరసలో ఇంకో కొట్టుకు వెళ్ళి పెద్ద తాళం కొనుక్కుంది. తాతగారు ఆ చూపును చచ్చేదాకా మరిచిపోలేదు.

ఈ రెండో నియమం సంగతి కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెబుతారా, గాలి పీల్చుకోవాలని?

కోడలు మాత్రం ఖాళీ చేతులతో వచ్చిందా? పుట్టింటి నియమాలు తన వెంట తెచ్చుకుంది. అడగనిదే అమ్మైనా పెట్టదని లోకమంతా అంటుంది. వాళ్ళమ్మ మాత్రం అడిగితే పెట్టేది కాదు. "మన మీద అభిమానం ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. అడిగి తీసుకున్నదానికి విలువేముంది?" అనేది. ఒకవేళ ఎవరైనా కనిపెట్టి ఇవ్వబోయినా, మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకాస్త మొహమాటంగా వద్దనాలి. మూడోసారి బలవంతం చేస్తేనే చెయ్యి చాచాలి. వాళ్ళ నాన్న లెక్కల మాస్టారు. ఒకసారి రైల్లో ఎవరిదో బుట్ట సీటు మీద ఉంటే, ఆ బుట్ట కాస్త తియ్యండి అని అడగలేక దాని పక్కనే నిలబడి ప్రయాణమంతా చేశాడు. దిగేటప్పుడు తెలిసింది, ఆ బుట్ట తాలూకు మనిషి రెండు స్టేషన్ల ముందే మరిచిపోయి దిగిపోయాడని.

ఆ ప్రయాణంలోనే, చిన్నపిల్లగా, ఆమె మొదటిసారి ఆ గొంతు వింది. స్టేషన్‌లో జనం కిటకిటలాడుతున్నారు. ఎక్కడినుంచో ఒక ఆడమనిషి గొంతు, రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పింది. అంతే, అంతమందీ మూటాముల్లే ఎత్తుకుని కదిలారు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండా, ఎవరి కంటికీ కనబడకుండా, ఇంతమందికి దారి చూపించే పని ఒకటుందా అని పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. అడగడం చేతకాని పిల్లకు చెప్పడం మీద మోజు పుట్టిందన్నమాట. పెరిగి పెద్దదై, పెళ్ళై, కాపురానికొచ్చినా ఆ మోజు పోలేదు.

ఇప్పుడు ఈ ఊరి స్టేషన్‌లో ప్రకటనలు చెప్పడానికి మనిషి కావాలన్నారు. దరఖాస్తు పెట్టింది. గొంతు పరీక్షకు రమ్మన్నారు. ఇక సాధన మొదలుపెట్టాలి. గొంతెత్తి, అద్దం ముందు నిలబడి, పదేపదే చెప్పుకోవాలి. ఎక్కడ?

"ప్రయాణికులకు మనవి. రావలసిన మెయిలు..." అని మొదలుపెట్టిందో లేదో, అత్తగారు తడిబట్టల బకెట్టుతో గదిలోకి వచ్చేది.

"మనవి అనేటప్పుడు కాస్త నవ్వు మొహం పెట్టమ్మా. రైలు తప్పిపోయినవాళ్ళ మీద నీకేదో కోపం ఉన్నట్టుంది."

"నా మొహం ఎవరికీ కనపడదత్తయ్యా."

"గొంతుకి కనపడుతుందిగా!"

ఆవిడ వెళ్ళేలోపు కాలేజీ చదివే ఆడపడుచు. "వదినా, ఇంకోసారి చెప్పవా? మా ఫ్రెండు ఫోన్‌లో వింటోంది." ఆ వెనకే మామగారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. "అమ్మాయ్, ఆ మెయిలు వచ్చేది పొద్దున కాదు, మధ్యాహ్నం. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నా." అది ఊరికే సాధన కోసం చెప్పుకుంటున్నానని ఆమె చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఉన్న రైలుకు లేని వేళ చెబితే జనం ఏమైపోవాలని ఆయన బాధ.

వాళ్ళలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళైతే ఒకసారి గట్టిగా దెబ్బలాడి తలుపేసుకోవచ్చు. ప్రేమగా వచ్చేవాళ్ళను ఏం చేస్తాం?

ఆమె తన పద్ధతిలో తాను ప్రయత్నించింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసేది. గాలికి పడిందనుకుని ఎవరో ఒకరు అంతే మెల్లగా తెరిచేవారు. మళ్ళీ వేసింది. అత్తగారు పాపం, కోడలికి గాలాడదేమోనని, తలుపు కదలకుండా కొట్టులోంచి ఒక పాత ఇత్తడి తాళం తెచ్చి అడ్డంగా పెట్టింది. మొగుడు ఒకనాటి సాయంత్రం ఆమె మొహం చూసి, "ఏమైనా కావాలా?" అన్నాడు. "ఏం వద్దు," అంది ఆమె, మొదటిసారి కాబట్టి. "సరే," అని అతను నిశ్చింతగా పక్కకు తిరిగి పడుకున్నాడు. రెండోసారి కోసం ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఈ ఇంట్లో ఒక మనిషి వద్దంటే వద్దనే అర్థమని, మళ్ళీ అడగడం అంటే ఆ మనిషి మాటను నమ్మకపోవడమని ఆమెకేం తెలుసు?

చివరికి బజారుకు వెళ్ళి తనే ఒక తాళం కొనుక్కొచ్చింది. లోపల గుండీ తిప్పితే నాలుక బయటికొచ్చి తలుపు పడే రకం. వెంట ఒక స్క్రూడ్రైవరు కూడా కొంది. కాళ్ళ కింద కొట్టులో స్క్రూడ్రైవర్లు పెట్టెలకొద్దీ పడున్నాయి, కానీ అడగాలి కదా! అందరూ పెళ్ళికో పేరంటానికో వెళ్ళిన పూట చూసి, వేళ్ళు కొట్టుకుపోయేలా తంటాలుపడి బిగించేసింది. మూడు తరాల తాళాలవాళ్ళింట్లో మొట్టమొదటి తాళం వెలిసింది. అదీ వేరే కొట్టుది.

ఇంటికొచ్చినవాళ్ళు చూశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. భోజనాలకు కూర్చున్నారు. మామగారు ముద్ద ముద్దకూ ఆ తలుపు వైపు చూసి నిట్టూర్చాడు. కోడలు కుక్కిన పేనులా తిని లేచింది. 'పెద్దాయన మనసు విరిచేశాను. ఇక ఈ ఇంట్లో నాకు మాట దక్కదు' అని కుమిలిపోయింది.

మామగారి మనసు విరిగిన మాట నిజమే, కానీ విరిచింది కోడలు కాదు, తాళం. "నాలుక ఉత్త రేకుది," అన్నాడు వంటగదిలో భార్యతో, గొంతు తగ్గించి. "స్ప్రింగు చూశావా? పిల్లలు రాసుకునే పెన్నులోది నయం."

"చెప్పండి మరి ఆ అమ్మాయికి."

"తన తాళం. అడిగితే చెప్తా."

ఇలాంటి ఇద్దరిని ఒక ఇంట్లో పెట్టి తలుపేస్తే ఏమవుతుంది? అదే అయింది.

పరీక్ష రోజు పొద్దున్నే ఆమె స్నానం చేసి, తయారై, కాఫీ తాగి, చివరిసారిగా గొంతు సవరించుకుందామని గదిలోకి వెళ్ళి గుండీ తిప్పింది. మనసారా సాధన చేసింది. ఇక బయల్దేరుదామని గుండీ వెనక్కు తిప్పితే, అది గిరగిరా తిరిగింది. నాలుక మాత్రం కదల్లేదు. ఇంకోసారి తిప్పింది. లోపల ఎక్కడో టిక్కుమని ఒక చిన్న చప్పుడు. అంతే.

ఫోను వంటగదిలో చార్జింగులో ఉంది. కిటికీకి ఊచలున్నాయి, కింద వీధి ఉంది. స్క్రూడ్రైవరు ఉంది కదా అని చూస్తే, దాన్ని ఎవరికీ కనపడకూడదని వంటింటి పక్క సామాన్లు పడేసే కొట్టుగదిలో పాత పెట్టె వెనక దాచింది తనే. మొగుడు ఊరవతల ఎవరిదో కారు తలుపు పడిపోయిందని తెల్లవారకుండానే వెళ్ళాడు. గోడ గడియారం మాత్రం పని మానలేదు.

అవతల అడుగుల చప్పుడు ఆగింది.

"విన్నావా?" మామగారి గుసగుస. "స్ప్రింగు పోయింది. బిగించిన రోజే అనుకున్నా."

"తియ్యండయితే," అత్తగారి గుసగుస.

"ఎలా తీస్తానే? అడగలేదుగా."

"పరీక్షకి టైమవుతోంది నాన్నా!" ఆడపడుచు.

"కావాలనే వేసుకుందేమో. ఇంకా చదువుకుంటోందేమో. మనకెలా తెలుస్తుంది?"

గోడలకే చెవులుంటాయంటారు, ఇది చెక్కతలుపు. కోడలికి ప్రతి మాటా వినబడుతోంది. కనిపెట్టారు! వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. ఇక అడుగుతారు. తలుపుకు చెవి ఆనించి నిలబడింది.

"వదినా," ఆడపడుచు పిలిచింది, "ఏమైనా కావాలా?"

"ఏం వద్దు," అనేసింది కోడలు.

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నోటికి పట్టిన మాట, బుర్ర అడ్డుకునేలోపే బయటపడింది. పరవాలేదు, ఇది మొదటిసారి. ఇంకో రెండుసార్లు అడుగుతారు. త్వరగా అడగండి బాబూ, అని లోపల్లోపలే దండాలు పెట్టుకుంది.

"చూశావా? ఏం వద్దంది," అన్నాడు మామగారు.

తలుపవతల అందరూ తీరిగ్గా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. వంటగదిలో ఫోను మోగింది. అత్తగారు వెళ్ళి తీసింది. అవతల కొడుకు. "బయల్దేరలేదురా ఇంకా. తలుపేసుకుని ఉంది. అడిగాం, ఏం వద్దంది... అలాగే, నువ్వు కంగారుపడకు."

కంగారంతా గదిలోనే ఉంది. చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. గుండీని ఇంకోసారి తిప్పబోతే అది ఊడి చేతిలోకి వచ్చింది. ఏడుపు ముంచుకొచ్చింది. అత్తింటివాళ్ళ మీద కాదు, వాళ్ళమ్మ మీద. ఏం నేర్పిందమ్మా నాకు? ఆకలేస్తే చెప్పకు, దాహమేస్తే చెప్పకు, తలుపు రాకపోతే చెప్పకు. కనిపెట్టే దాకా కూర్చో. వాళ్ళు కనిపెట్టారమ్మా, కనిపెట్టి అవతల కూర్చున్నారు. ఇప్పుడేం చెయ్యాలో అది కూడా చెప్పి పంపాల్సింది.

అడగాలి. అది అర్థమైంది. కానీ నోరు తెరిస్తే మాట పెగలడం లేదు. ఇంత చిన్న మాటకు ఇంత బరువెందుకో ఆమెకే తెలియలేదు. అప్పుడు తట్టింది, తన మాటగా కాకపోతే అనగలదేమో. వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, స్టేషన్ గొంతు ఎత్తుకుంది.

"ఇంట్లోని వారికి మనవి. మొదటి అంతస్తులోని గది తలుపు సాంకేతిక కారణాల వలన తెరుచుకోవడం లేదు. సంబంధిత సిబ్బంది వెంటనే తలుపు వద్దకు రావలసిందిగా కోరుతున్నాం."

అవతల చప్పట్లు.

"అబ్బ! ఏం చెప్పింది వదిన!"

"నవ్వు మొహం పెట్టింది, విన్నారా? నేను చెప్పిందే," అంది అత్తగారు మురిసిపోతూ.

"ఈసారి రైలు వేళలు కూడా తప్పు చెప్పలేదు," అన్నాడు మామగారు.

కోడలికి నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ రెంటి మధ్యలో ఎక్కడో గొంతుకు అడ్డం పడ్డదేదో జారిపోయింది. అరచేత్తో తలుపు మీద దబదబా బాది, స్టేషన్ గొంతు కాదు, తన సొంత గొంతుతో, బొంగురుగా అరిచింది.

"మామయ్యా! ఇది సాధన కాదు. తాళం పాడైంది. తలుపు తియ్యండి! నాకు ఆ ఉద్యోగం కావాలి, నేను వెళ్ళాలి, తియ్యండి!"

మాట పూర్తయ్యేలోపే ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడైంది. గుండీ ఊడిన బెజ్జంలో ఏదో సన్నగా మెదిలింది. నాలుక టక్కున వెనక్కు వెళ్ళింది. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా మామగారు మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన చాప మీద పనిముట్లన్నీ వరసగా పరిచి ఉన్నాయి, ఎప్పట్నుంచో అలా పరుచుకుని కూర్చున్నట్టుంది. ఆయన వెనక అత్తగారు, ఒక చేతిలో కోడలి సంచి, ఇంకో చేతిలో చెప్పులు. మెట్ల దగ్గర ఆడపడుచు, నెత్తిన హెల్మెట్, చేతిలో స్కూటర్ తాళంచెవి.

ఒక్కరూ కాలు కదిపి ఎక్కడికీ పోలేదు. అందరూ ఆమె నోట వచ్చే ఒక్క మాట కోసం తలుపు దగ్గరే కాపలా కాశారు. అది చూసేసరికి కోడలికి ప్రేమా కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"ఇన్ని సిద్ధం చేసుకుని కూర్చున్నారే, ఇంకోసారి అడగొచ్చు కదా!"

"వద్దన్నావుగా అమ్మా," అన్నాడు మామగారు, నిజంగానే తెల్లబోయి.

"వద్దంటే వద్దనా?"

"మరేంటి?"

దీనికి జవాబు చెప్పే తీరిక లేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి మెట్లు దూకింది. స్కూటర్ మీద ఆడపడుచు ఎలా పోనిచ్చిందో, దారిలో ఎంతమంది చేత తిట్లు తిందో ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద. మొత్తానికి చివరి పేరు పిలిచి, రాలేదని కొట్టేయబోతుండగా గదిలోకి వెళ్ళి పడింది. జుట్టు రేగిపోయి ఉంది, ఊడొచ్చిన గుండీ ఇంకా గుప్పిట్లోనే ఉంది.

పరీక్ష పెట్టే పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "స్టేషన్ ఉద్యోగానికి ఆలస్యంగా వచ్చారు. మంచి శకునమే. ఏమైంది?"

"గది తాళం పడిపోయిందండీ."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ముగ్గురున్నారండీ."

"వాళ్ళకి తీయడం రాలేదా?"

"ముగ్గురూ తాళాలవాళ్ళేనండీ."

ఆవిడ పకపకా నవ్వింది. పక్కనున్నాయన నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు. ఆ నవ్వు తగ్గేలోపే కాగితం చేతికిచ్చి చదవమన్నారు. ఇందాకే గొంతు చించుకుని అరిచిన మనిషికి మైకు ముందు భయమేముంటుంది? గడగడా చదివేసింది. సోమవారం నుంచి పొద్దుటి పనికి రమ్మన్నారు.

సాయంత్రం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం ఉండే చోట గుండ్రటి కన్నం ఉంది. మామగారు పాడైన దాన్ని ఊడదీసి, చెక్కపొట్టు కూడా శుభ్రంగా తుడిచేశాడు. ఇల్లు మళ్ళీ మునుపటిలా అయిపోయింది. తాతగారి మాటే నెగ్గింది.

భోజనాల దగ్గర పండగలా ఉంది. అత్తగారు కొసరి కొసరి వడ్డించింది. మొగుడు గర్వంగా ఒకటే నవ్వుతున్నాడు. కోడలు మాత్రం ఆ కన్నం వైపే చూస్తోంది. నిన్నటి మనిషైతే, ఎవరో ఒకరు కనిపెట్టకపోతారా అని ఇంకో ఏడాది కూర్చునేది. కానీ ఇవాళ ఒకసారి అడిగింది. మిన్ను విరిగి మీద పడలేదు.

"మామయ్యా," అంది. "నా గదికి ఒక మంచి తాళం కావాలి. మీరు చేసిందే."

మొగుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆడపడుచు తండ్రి మొహం చూసింది. మామగారు పళ్ళెంలో అన్నం కెలికాడు. తాతగారి మాట ఒక పక్క, నోరు తెరిచి అడిగిన మనిషి ఒక పక్క. మింగలేడు, కక్కలేడు. చివరికి కొట్టులో ఎవరొచ్చినా అడిగే ప్రశ్నే అడిగాడు.

"లోపల్నుంచి వేసుకునేదా, బయట్నుంచి వేసేదా?"

"లోపల్నుంచి."

"రేపు పెడతా."

కోడలు అమ్మయ్య అనుకుని ముద్ద నోట్లో పెట్టుకోబోయింది.

"రెండు పెట్టండి," అంది అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గిన్నెలోకి చూస్తూ, అవసరానికి మించిన శ్రద్ధతో అడుగు గీకుతోంది.

"రెండోది ఎక్కడికే?" అన్నాడు మామగారు.

"కొట్టుగదికి. ఒక కుర్చీ పడుతుంది అందులో."

"కొట్టుగదిలో నీకేం పని?"

"పనేం లేదు. పనేం లేకుండా కాసేపు కూర్చోవాలని, ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే అనుకున్నా." గరిటె గిన్నెలో వదిలేసి ఆవిడ తలెత్తింది. "మా అమ్మ కూడా అడగొద్దనే చెప్పి పంపిందండీ. ఎవరైనా కనిపెడతారేమోనని ఊరుకున్నా."

మామగారు ఎన్నేళ్ళుగానో ఎదుటే తిరుగుతున్న మనిషిని ఇప్పుడే గుమ్మంలో చూసినట్టు చూశాడు. ఎంగిలి చేత్తోనే లేచి, చెయ్యి కడుక్కుని, కొలబద్ద తీసుకుని కొట్టుగది వైపు నడిచాడు.

"భోంచెయ్యండి, రేపు చూడొచ్చు కదండీ," అంది అత్తగారు.

"రేపటిదాకా ఎందుకే," అన్నాడు ఆయన వెనక్కు తిరగకుండానే. "అడిగావుగా."